నిప్పు, నూనె, గాలి

పదో కిక్కు. కాదు, పన్నెండో. లెక్క తప్పింది. బండి అంటుకోదని కాదు. అంటుకుంటుంది, రెండు నిమిషాలు ఖళ్ళుఖళ్ళుమని దగ్గుతుంది, ఎక్సలేటర్ తిప్పగానే పీక నొక్కినట్టు ఆగిపోతుంది. వెనక సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ వచ్చి పెరడంతా పరుచుకుంటుంది. తొమ్మిదిన్నర కావస్తోంది. పదిన్నరకి విశాఖపట్నం వైపు నుంచి వచ్చే పాసింజరు నౌపడలో ఆగుతుంది. అందులో గంగరాజు ఉంటాడు. నా మొగుడు. చూసి తొమ్మిది నెలలైంది. గుజరాత్‌లోని వీరావల్ బోట్ల మీదకి పది వేళ్ళతో వెళ్ళినవాడు ఎనిమిది వేళ్ళతో వస్తున్నాడు. మా పేట నుంచి స్టేషనుకి పన్నెండు కిలోమీటర్లు, ఉప్పు మళ్ళ మధ్య నుంచి రోడ్డు, బండి బాగుంటే ఇరవై అయిదు నిమిషాలు. నిన్నటిదాకా బాగానే ఉంది. ఎండలో ఐసు పెట్టె మోసింది, నలభై కిలోల చేపలు మోసింది, నన్ను మోసింది, ఒక్కరోజు మూలగలేదు. ఇవాళే రావాలా దీనికి ఈ రోగం.

"ఆటో పిలుసుకోవే," అంటోంది అత్త. గోడ నీడన కూర్చుని చందువాలకి పొలుసు తీస్తోంది దాలమ్మ. కొడుకు వస్తున్నాడని తెల్లారకుండానే లేచి తనే ఒడ్డుకెళ్ళి తెచ్చిన చేపలు అవి. ఆటో అనడం ఇది మూడోసారి. ఆటో సంగతి నాకు తెలీదా? పేటలో నాలుగు ఆటోలున్నాయి, నాలుగూ మా చుట్టాలవే, అదే కదా బాధ. మొన్న దారిలో రైలు మారే ముందు బావ, అదే గంగరాజు, ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి, "ఆటో ఓలకి సెప్పకే. అందరూ సెయ్యే సూస్తారు. నువ్వే వస్తావేటి, బండి తీసుకొని?" అన్నాడు. పెళ్ళయి పదిహేనేళ్ళలో నన్ను ఏదీ అడిగినవాడు కాదు. వస్తానన్నాను. "నువ్వు కనపడకపోతే దిగనే. బరంపురం దాకా ఎల్లిపోతాను," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆసుపత్రి నుంచి చేసినప్పుడు కూడా, "ఇంటికి రాబుద్ధవట్లేదే ఈశ్వరీ, ఏ మొకం ఎట్టుకొని రావాల," అన్నాడు. ఆ మాట అత్తకి చెప్పలేదు. కడుపులోనే పెట్టుకుని నెల రోజులుగా చేపలమ్ముతున్నాను. మొన్నటి తర్వాత మళ్ళీ ఫోను లేదు. చేస్తే స్విచ్చాఫ్. ఛార్జింగ్ అయిపోయిందో, తనే ఆపేశాడో. బరంపురంలో మనకెవరున్నారు? ఎవరూ లేరు. ఎవరూ లేరు కాబట్టే వెళ్తాడేమో అని నా భయం.

నిప్పు సూడు, నూనె సూడు, గాలి సూడు. అలాగే చెప్పేవాడు. "ఈ మూడూ సరిగుంటే ఏ ఇంజనైనా నీ మాట ఇంటాది." మా వాళ్ళకి ఇంజన్లో పోసేది ఏదైనా నూనే. వీరావల్ వెళ్ళే ముందు వారం రోజులు సముద్రం పక్కన గట్టి ఇసకలో నాకు బండి నేర్పాడు, పడినప్పుడల్లా ముందు బండిని లేపి తర్వాత నన్ను లేపేవాడు, దానికి తిట్టాను కూడా. మిగిలినదంతా ఫోన్లోనే. బండి మొరాయించిన రోజు ఫోను సైలెన్సర్ దగ్గర పెట్టమనేవాడు. అక్కడెక్కడో గుజరాత్‌లో, బోటు మీద, గాలి హోరులో చెవికి ఆనించుకుని వినేవాడు. "ప్లగ్గే. ఇప్పి తుడు." ఇంకోసారి, "సైను వదులయ్యింది, బిగించు." నేను పానా పట్టుకుని ఇక్కడ, తను అక్కడ. ఒకసారి చాలాసేపు విన్నాడు, నేను కంగారుపడి ఏమైందంటే, "ఏటీ నేదు. బాగానే ఉన్నాది. ఊరికే ఇందామని," అన్నాడు. ఆ రోజు నేను బండాపకుండా అలా చాలాసేపు నిలబడ్డాను. పెట్రోలు వృథా అని అత్త అరిచింది. అరవనీ.

సరే, నిప్పు. ప్లగ్గు విప్పడం రెండోసారి. మొదటిసారి విప్పినప్పుడు నల్లగా, తడితడిగా, జిడ్డుగా వచ్చింది. నిన్న సాయంత్రం బండి కడిగాను కదా, నీళ్ళు పోయి ఉంటాయనుకున్నాను. వెనక ఐసు పెట్టె తీసేసి, అది కట్టే ఇనప చట్రం కూడా విప్పేసి, సీటుని సబ్బుతో మూడుసార్లు రుద్దాను. చేపల వాసన పోయిందో లేదో నాకెలా తెలుస్తుంది, నా ముక్కుకి ఆ వాసన వాసనగా ఎప్పుడు తగిలింది కనక. బావ కూర్చుంటాడు అక్కడ. నా వెనక. అందుకని రుద్దాను. ప్లగ్గు కడగడానికి అత్తని కిరసనాయిలు అడిగితే ఎప్పటిలా సీసా మూతతో కొలిచి ఇచ్చింది. రేషన్లో నీలం కిరసనాయిలు ఇచ్చిన రోజుల్లో దాచింది, వలల కింద ఎక్కడో పెట్టుకుంటుంది, ఎక్కడో నాకు ఇప్పటికీ చెప్పలేదు. తుప్పు పట్టిన నట్టుకి అడిగినా, ప్లగ్గుకి అడిగినా, ఒక్క మూతెడే. "అయిపోతే మరి దొరకదే," అంటుంది, తన వంటి మీద నగ ఒలిచి ఇస్తున్నట్టు. ఆ మూతెడుతో కడిగాను, ఉప్పు కాగితంతో గీకాను, ప్లగ్గుని ఇంజను రెక్కలకి ఆనించి కిక్కు కొట్టాను. టక్ టక్ మని నిప్పు దూకుతోంది, కళ్ళు చెదిరేట్టు. నిప్పు బాగానే ఉంది. నిప్పుకేం లోటు, నా ఒంట్లోనే కావలసినంత ఉంది ఇప్పుడు.

నూనె చూడక్కర్లేదు. నిన్న బంకులో లీటరు పోయించింది నేనే, మూత పెట్టించుకుంది నేనే. కాబట్టి గాలి. పక్క డబ్బా మరలు మూడు, ఒకటి ఉప్పుగాలికి తుప్పుపట్టి రాలేదు, సుత్తితో కొట్టి తిప్పాను, వేలు చెక్కుకుపోయింది. ఫిల్టర్ తీసి దులిపాను. తెల్లటి ధూళి. ఈ నేల మీద ధూళి కూడా ఉప్పగానే ఉంటుంది. వేలు నోట్లో పెట్టుకుని ఆ ఉప్పు చప్పరించాను. నాది చిన్న తోలు లేచిపోవడం కదా, బోటు మీద తాడు చుట్టే డ్రమ్ములో ఆ రెండు వేళ్ళూ ఎలా పోయాయో అని వద్దన్నా మనసు అక్కడికే పోతుంది. చూపుడువేలు, మధ్యవేలు. కుడిచెయ్యి. ఎక్సలేటర్ చెయ్యి. బ్రేకు చెయ్యి. వల ముడి వేసే చెయ్యి. చిన్నప్పుడు హేమకి జడ వేయడం కూడా ఆ చేత్తోనే, నాకంటే నున్నగా వేసేవాడు, ఇప్పుడా పిల్ల టెక్కలి హాస్టల్లో ఉంది, దానికింకా ఎవరం చెప్పలేదు. ఫిల్టర్ పెట్టి మళ్ళీ కిక్కు. దగ్గు. పొగ. ఆగింది. తొమ్మిది ముప్పావు. గాలి కూడా బాగానే ఉంది. నిప్పు బాగుంది, గాలి బాగుంది, బండి మాత్రం కదలదు. ఏం మాయరోగమే నీది?

"పొగ సూడు, ఇల్లు నిండిపోతంది," అంది అత్త. చూస్తోంది నన్ను. పొద్దుటి నుంచీ చూస్తోంది, పొలుసు తీస్తూ తలెత్తి, మళ్ళీ దించి. ఏదో అనబోయి మానేస్తోంది. ఆ మానేయడమే నాకు ఒళ్ళు మండిస్తోంది. తెల్లవారుఝామున నేను నీళ్ళకి లేచినప్పుడు బండి పక్కన నిలబడి ఉంది ఈవిడ. టాంకు మీద చెయ్యి వేసి, పెదాలు కదుపుతూ. అప్పుడేమీ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను. నిన్నటిదాకా బాగున్న బండి, తెల్లారేసరికి పాడైంది, మధ్యలో దీని దగ్గరికి వచ్చింది ఈవిడ ఒక్కతే. టాంకు మూతకి తాళం ఎప్పుడో పోయింది, ఎవరైనా తిప్పితే వస్తుంది. దిష్టి తీసి ఉంటుంది. గుప్పెడు ఉప్పు చుట్టూ తిప్పి ఏ పొయ్యిలోనో వేయక టాంకులో వేసి ఉంటుంది. చాదస్తంతోనా? లేక బుద్ధి పుట్టేనా? బండెక్కిన మొదటి రోజు గుర్తులేదా నాకు. "కాళ్ళు సాపుకొని కూకుంటాదేటి ఆడది, తట్ట నెత్తినెట్టుకొని నడిస్తే అరిగిపోతావేటే," అని, మూడురోజులు మాట్లాడలేదు. తను ముప్పయ్యేళ్ళు నెత్తిన తట్ట పెట్టుకుని నడిచింది కాబట్టి నేనూ నడవాలి. ఇప్పుడు కొడుకు నా వెనక కూర్చుని పేటలోకి రావడం చూసి ఓర్వలేదు కదా. కొడుకు పరువు పోతుంది కదా. అందుకే ఆటో ఆటో అంటోంది. ఉప్పు వేసింది. వేసే ఉంటుంది. నీ కొడుకు బరంపురం పోతే అప్పుడు తెలుస్తుంది నీకు, చందువాల పులుసు ఎవరికి పోస్తావో చూస్తాను. ఈ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. స్టీలు గ్లాసు కోసం ఇంట్లోకి వెళ్ళాను.

కార్బొరేటర్ అడుగున చిన్న మర. దాని కింద గ్లాసు పట్టి వదులు చేశాను. బొట్లు బొట్లుగా, తర్వాత సన్నగా ధారగా దిగింది. ఉప్పు పెట్రోల్లో కరగదు, అడుగున రవ్వలుగా కూర్చుంటుంది, అదీ బావ చెప్పిందే. గ్లాసు ఎండలోకి పట్టుకెళ్ళి వంచి చూశాను. రవ్వల్లేవు. మళ్ళీ చూశాను. రవ్వల్లేవు గానీ రంగు ఇదేమిటి. బంకు పెట్రోలు నారింజ తొనలా ఉంటుంది. ఇది నీలం. నీలం కూడా కాదు, పెట్రోలు కలిసి ఒకలాంటి పాచిరంగు, గ్లాసు అంచుకి జిడ్డుగా అంటుకుంటోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కిరసనాయిలు. పొద్దుటి నుంచీ వాసన వస్తూనే ఉంది, నా చేతులకున్న మూతెడు కిరసనాయిలు వాసనే అనుకున్నాను. టాంకు మూత తిప్పాను. రాత్రి అడుగున ఉన్నది ఇప్పుడు బాగా పైకి వచ్చింది. ఈ రంగు నాకు తెలుసు. కాపరానికి వచ్చిన కొత్తలో ప్రతి తెల్లవారుఝామునా ఈ ఇంటి గడప దగ్గర ఈ రంగు డబ్బా ఉండేది. పడవ ఇంజను నూనె.

గ్లాసు పట్టుకుని అత్త ముందు నిలబడ్డాను.

"అత్తా, బండిలో ఏటి పోసినావు?"

తలెత్తలేదు. "నూనె."

"పడవ నూనా?"

"అవును మరి. తెల్లారగట్ల కలిపినాను. ఆయిలు పేకెట్టు ఒకటి మిగిలున్నాది, అదీ ఏసినాను. గొంతు ఎండిపోకుండా."

"ఇది పడవ కాదత్తా. దీన్లో అది పోయకూడదు."

"ఇంజనే గదేటి." కత్తి కింద పెట్టింది. చేతికున్న పొలుసు రాలుస్తూ నా వంక చూడకుండా చెప్పింది. "మీ మావ ఏటకెళ్ళినప్పుడూ నేనే కలిపి ఇచ్చీదాన్ని. గంగరాజుకీ నేనే. కూడెట్టి, నీళ్ళెట్టి, నూనె కలిపి ఇస్తేనే ఇంట్లోంచి కదిలీవోరు. నువ్వు తొమ్మిది నెల్లై ఎల్తన్నావు. నీకొక్కనాడూ కలిపి ఇయ్యనేదు. బిడ్డని తెస్తానన్నావు గదా, ఈసారైనా ఇద్దామని..."

"ఎంత పోసినావు?"

"ఉన్నదంతా. రెండు లీటర్లే ఉన్నాది."

మూతెడు ఇవ్వడానికి ప్రాణం పోయే మనిషి. నాకు ఒక్కసారిగా కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలీలేదు. తెల్లవారుఝామున టాంకు మీద చెయ్యి వేసి పెదాలు కదిపింది ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది. నా కోసం. ఒకప్పుడు మావ కోసం చెప్పుకున్నట్టే సముద్రపు గంగమ్మకి నా పేరు చెప్పుకుంది. నేనేమో ఉప్పు వేసిందనుకున్నాను. సిగ్గేసింది. ఏదైనా మంచిమాట అనాలి. "పది కావస్తంది అత్తా," అన్నాను. అదొక్కటే వచ్చింది. అత్త నా మొహం చూసింది, పొగ వైపు చూసింది, తప్పు జరిగిందని అప్పుడు అర్థమైంది. లేచింది. కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చేతులు కూడా కడుక్కోకుండా, గౌరి బడ్డీ కొట్లో సీసాల్లో అమ్మే పెట్రోలు కోసం పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పులని మందిరం దాకా కూడా నడవని మనిషి పరిగెడుతుంటే వెనక నుంచి చూశాను, చూస్తూనే టాంకు పైపు పీకాను.

నీలం నూనె పాత డబ్బాలోకి వంపాను. ఒక్క బొట్టు కింద పోనివ్వలేదు, అది పారబోసేది కాదు. కార్బొరేటర్ మళ్ళీ ఖాళీ చేశాను. ప్లగ్గు మళ్ళీ విప్పి, మళ్ళీ గీకి, బిగించి, చేతివేళ్ళు కాలినా బిగించాను. అత్త సీసాతో వచ్చింది, ఎగశ్వాసతో, సీసా నా చేతిలో పెట్టింది. పోశాను. కిక్కు. ఏమీ లేదు. కిక్కు. దగ్గు. మూడో కిక్కుకి అంటుకుంది, అటూ ఇటూ ఊగి, ఆగిపోతుందేమో అనుకుంటుండగా నిలదొక్కుకుంది. పొగ ఇంకా వస్తోంది తెల్లగా, సైలెన్సర్‌ నిండా జిడ్డు పట్టేసి ఉంది, అది కాలేదాకా వస్తుంది. రానీ. "పద పద," అంది అత్త, నన్నో, బండినో. పదీ పదిహేను.

రోడ్డు. ఉప్పు మళ్ళు రెండు పక్కలా ఎండకి తెల్లగా మెరిసి కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. నాలుగో గేరులో వేస్తే ఎక్కడో ఒకచోట తన్నుకుంటోంది, మూడులో పెడితే పోతోంది. ఆగకు తల్లీ. నీకు దండం పెడతాను, ఆగకు. పదిన్నరకి రైలు, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే రైలు, ఇవాళ కూడా ఆలస్యం కానీ, ఏ సిగ్నలు దగ్గరైనా ఆగనీ. కనపడకపోతే దిగనే. నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నవే చేస్తాడు ఆ మనిషి, వీరావల్ వెళ్తానన్నదీ నవ్వుతూనే కదా. నేను లేకపోతే ఎవరు కనిపిస్తారు అక్కడ? ఖాళీ బల్లలు కనిపిస్తాయి. అందరూ సెయ్యే సూస్తారు. చూడనీ బావా, రెండురోజులు చూస్తారు, తర్వాత ఎవరి చేపలు వాళ్ళవి. ఇది నీకు ఫోన్లో చెప్పాల్సింది, చెప్పలేదు, వస్తానని మాత్రం చెప్పాను, అదీ సరిగా చేయలేకపోతున్నాను. రోడ్డు పట్టాల పక్కకి తిరిగేచోట వెనక నుంచి కూత వినపడింది. వద్దు. ఇప్పుడు వద్దు. నేల అదిరింది, ఇంజను నన్ను దాటింది, తర్వాత ఒక్కొక్క పెట్టె, కిటికీలు, కిటికీల్లో చేతులు, తలుపుల దగ్గర మనుషులు, ఒక్క మొహమూ ఆనలేదు నాకు, ఎక్సలేటర్ మొత్తం తిప్పితే బండి దగ్గి తెల్లగా పొగ కక్కింది తప్ప వేగం పెరగలేదు. ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది. పట్టాలు ఖాళీగా మిగిలాయి. ఏడుస్తూ నడిపాను, గాలికే కళ్ళల్లో నీళ్ళని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, చూసేవాళ్ళెవరూ లేరు కూడా.

స్టేషను చేరేసరికి రైలు కదిలిపోయింది. తోక కనిపిస్తోంది, బరంపురం వైపు. బండి ఆపలేదు, ఆపితే మళ్ళీ అంటుకుంటుందో లేదో, దాని మీదే కూర్చుని కమ్మీల సందుల్లోంచి చూశాను. ప్లాట్‌ఫారం మీద బుట్టతో ఒక ముసలమ్మ, జెండా చుట్టుకుంటున్న మనిషి. ఇంకెవరూ లేరు. వెళ్ళిపోయాడు. అత్తకి ఏం చెప్పాలి? నీ నూనె వల్లే అని చెప్పనా? చెప్పను. చచ్చినా చెప్పను.

"ఆపకే. ఉండనీ."

కుళాయి పక్క నుంచి వచ్చాడు. భుజాన సంచి, కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని. చిక్కిపోయాడు. నా మొహం చూడలేదు. బండి వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చుని తల పక్కకి వంచి విన్నాడు. తొమ్మిది నెలలూ ఫోన్లో అలాగే విని ఉంటాడు, నేను చూడలేదంతే. ఎడమచేత్తో పొగ ముక్కు దగ్గరికి తోసుకున్నాడు.

"అమ్మ కలిపినాదేటి?"

"ఉన్నదంతా పోసేసినాది."

"నాకెప్పుడూ కొలత మించి ఇచ్చీది కాదు," అన్నాడు. నవ్వు మొదలైంది, మధ్యలో ఆగిపోయింది, లేచి నిలబడ్డాడు. "దిగకూడదనే అనుకున్నానే. తలుపు కాడ నిలబడ్డాను. రోడ్డు మీద తెల్లగా పొగ. ఎవులిదో పడవ ఇంజను పాడయ్యిందనుకున్నాను, రోడ్డు మీద పడవేటని మళ్ళీ సూసినాను. నువ్వు."

క్లచ్చు పట్టుకుని ముందుకి జరిగాను. వెనక ఎక్కాడు. పట్టుకోవడానికి చూశాడు, ఏమీ లేదు, ఇనప చట్రం నేనే విప్పేశాను. ఆటోల వాళ్ళు చూస్తున్నారు. తువ్వాలు విప్పిన చప్పుడు వినపడింది, తర్వాత ఆ చెయ్యి నా భుజం మీద పడింది, బొటనవేలు ఒక పక్క, మిగిలిన రెండు వేళ్ళు ఒక పక్క, గట్టిగా. బయలుదేరాం. ఉప్పు మళ్ళ దగ్గర బండి మళ్ళీ ఒకసారి తన్నుకుంది, నేను భయపడి ఎక్సలేటర్ తగ్గించాను.

"తగ్గించకే," అన్నాడు నా చెవి దగ్గర. "అమ్మ నూనె ఇంకా ఉన్నాది లోపల. కాలిపోనీ."

తిప్పాను. పేట వచ్చేదాకా వెనక తెల్లగా పొగ వస్తూనే ఉంది.